వాంతుల తర్వాత అన్నవాహికలో చీలిక: ఎంత లోతు అన్నదే అసలు ప్రశ్న

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇదీ. మీ బావగారికి 38 ఏళ్లు. దావత్‌లో మందు ఎక్కువై రాత్రంతా వాంతులయ్యాయి. మొదట తిన్నది పడింది, తర్వాత పసరు పడింది, ఆ తర్వాత ఎర్రటి నెత్తురు పడింది. ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసి ‘మాలరీ వైస్ టేర్’ అని రాశారు, చీలికను మూసే రెండు చిన్న లోహపు క్లిప్పులు వేశారు, మూడో రోజు ఇంటికి పంపారు. చుట్టాలేమో అన్నం గొట్టం చిరిగితే ఆపరేషన్ లేకుండా ఎట్లా అతుకుతుందని భయపెడుతున్నారు. ఆపరేషన్ కావాలా, ఏం తినాలి, క్లిప్పులు ఎప్పుడు తీయాలి, నడుము నొప్పికి ముందే అనుకున్న ఎంఆర్ఐ చేయించవచ్చా, డ్యూటీకి ఎప్పుడు పోవచ్చు అని అడిగారు.

ఆపరేషన్ అక్కర్లేదు. ఆయనకు చిరిగింది గొట్టం కాదు, గొట్టం లోపలి పొర మాత్రమే. ఈ తేడా ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పడం ముఖ్యం. ఎందుకంటే లోపలి పొర వరకే ఉన్న చీలిక తనంతట తానే మానుతుంది. అదే చీలిక గోడ మొత్తం దాటి బయటికి తెరుచుకుంటే మాత్రం గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. రెండూ వాంతుల వల్లే వస్తాయి, రెండూ దాదాపు ఒకే చోట వస్తాయి. చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

అన్నవాహిక పెద్దవాళ్లలో సుమారు 25 సెం.మీ. పొడవుంటుంది. ముందు పళ్ల దగ్గర నుంచి కొలిస్తే 40 సెం.మీ. దగ్గర అది జీర్ణాశయంలో కలుస్తుంది. గోడలో లోపల మెత్తని పొర, దాని కింద రక్తనాళాలున్న పొర, ఆపైన కండరం ఉంటాయి. పేగులకు ఉన్నట్టు బయట గట్టి తొడుగు దీనికి లేదు, పలచటి కణజాలం చుట్టుకుని ఉంటుంది అంతే. అందుకే గోడ మొత్తం చిరిగినా, కుట్టినా మిగతా పేగుకంటే నెమ్మదిగా, మొండిగా మానుతుంది. గట్టిగా ఓకరించినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి తోసుకొస్తుంది. ఆ కలిసే చోటే పొర నిలువుగా చీరుకుంటుంది. 1929లో బోస్టన్‌లో మాలరీ, వైస్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని వివరంగా రాశారు, పేరు అలా వచ్చింది. మందు తాగినవాళ్లలోనే వస్తుందన్న మాట సగమే నిజం. గర్భిణులకు ఆగని వాంతులైనా, తెరలు తెరలుగా దగ్గు వచ్చినా, కొలనోస్కోపీ (పెద్దపేగు పరీక్ష) ముందు తాగే మందు పడక వాంతులైనా వస్తుంది. జీర్ణాశయం కొంత పైకి జారే హయాటస్ హెర్నియా ఉంటే ఇంకా తేలిగ్గా వస్తుంది.

ఇలాంటి చీలికల్లో 80 నుంచి 90 శాతం వాటంతట అవే నెత్తురు ఆపేసుకుంటాయి. వాంతి మళ్లీ రాకుండా చూస్తే చిరిగిన లోపలి పొర 48 నుంచి 72 గంటల్లో మూసుకుంటుంది. కాబట్టి చికిత్సలో అన్నిటికంటే పెద్ద పని వాంతులు ఆపడమే. ఆండాన్సెట్రాన్ 4 లేదా 8 మి.గ్రా. నరంలోకి ఇస్తారు. ఇంటికి వెళ్లాక నాలుక మీద కరిగే 4 మి.గ్రా. బిళ్ల దగ్గర ఉంచుకోవడం మంచిది. గుండె లయ తేడా ఉన్నవాళ్లకు, అలాంటి మందులు వాడుతున్నవాళ్లకు ఈసీజీ చూడకుండా దీన్ని పదేపదే ఇవ్వకూడదు.

ఆయనకు క్లిప్పులు ఎందుకు వేశారంటే, ఎండోస్కోపీ చేసే సమయానికి చీలికలోంచి నెత్తురు ఇంకా ఊరుతూనో, అడుగున రక్తనాళం బయటికి కనిపిస్తూనో ఉండి ఉంటుంది. రిపోర్టు తీసి చూడండి, ఈ మాట రాసే ఉంటుంది. చీలిక శుభ్రంగా ఉండి నెత్తురు లేకపోతే ఏమీ చేయకుండా వదిలేస్తారు, అదే సరైన వైద్యం. ఊరుతుంటే పదివేల వంతులకు పలచన చేసిన అడ్రినలిన్‌ను అర నుంచి ఒక మి.లీ. చొప్పున అంచుల్లో సూదితో ఎక్కిస్తారు. దాంతో నాళాలు బిగిసి, చూడ్డానికి వీలవుతుంది. అయితే సూది ఒక్కదానితో సరిపెడితే ప్రభావం తగ్గాక మళ్లీ కారే అవకాశం ఎక్కువ కాబట్టి పైన క్లిప్పో, రబ్బరు బ్యాండో వేస్తారు. గుండె జబ్బు ఉన్నవాళ్లలో అడ్రినలిన్ మోతాదు చాలా జాగ్రత్తగా చూసుకోవాలి, అన్నవాహికలో ఎక్కించింది త్వరగా రక్తంలో కలిసి గుండె దడ తెస్తుంది. వేడితో కాల్చి ఆపే పద్ధతి కూడా ఉంది. అయితే గోడ పలచన కాబట్టి ఒకే చోట పదేపదే కాలిస్తే లోతైన చిల్లు పడే ప్రమాదముంది. రెండు క్లిప్పులు వేసి సరిపెట్టారంటే మీ బావగారి విషయంలో పని పద్ధతిగానే జరిగింది.

క్లిప్పులు తీయనక్కర్లేదు. పొర మానుతున్నకొద్దీ కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో అవే ఊడిపోయి మలంతో పోతాయి, తెలియను కూడా తెలియదు. ఎంఆర్ఐ విషయంలో మాత్రం తొందరపడొద్దు. అత్యవసరం కాని నడుము స్కాన్ అయితే వాయిదా వేయించండి. కొన్ని రకాల క్లిప్పులు ఉండగా ఎంఆర్ఐ తీయనే కూడదు, కొన్నిటితో షరతుల మీద తీయవచ్చు. ఏ క్లిప్ వాడారో డిశ్చార్జ్ సమ్మరీలో కంపెనీ పేరు, మోడల్‌తో సహా రాయించుకోండి. స్కాన్ తప్పదంటే ముందు మామూలు ఎక్స్‌రే తీస్తే క్లిప్ ఇంకా ఉందో లేదో కనిపిస్తుంది. స్కానింగ్ సెంటర్‌లో ఇచ్చే ఫారంలో లోహం ఏమైనా ఉందా అన్న ప్రశ్నకు చాలామంది పేస్‌మేకర్, రాడ్లు గుర్తు చేసుకుని లేదని టిక్ పెట్టేస్తారు. దీన్నీ చెప్పాలి.

తిండి సంగతి. క్లిప్ వేసిన రోజు కొన్ని గంటలు ఖాళీ కడుపు, ఆ తర్వాత నీళ్లు, కొబ్బరినీళ్లు, వడగట్టిన గంజి. అవి నిలిస్తే మర్నాటి నుంచి రాగి జావ, పలచటి మజ్జిగ, చారులో నానిన ఇడ్లీ, మెత్తగా పిసికిన పెరుగన్నం, కిచిడీ. ఒక వారం ఇలా మెత్తటివి సరిపోతాయి. సకినాలు, అప్పడాలు, గట్టి రొట్టె, బొక్కలున్న (ఎముకలున్న) కూర పది రోజులు వద్దు. పొగలు కక్కే చాయ్ కూడా వద్దు, గోరువెచ్చగా తాగవచ్చు. కారం వల్ల చీలిక తిరిగి తెరుచుకోదు. అయితే ఛాతీలో మంట, తేనుపులు వస్తే మళ్లీ ఓకరింపు మొదలవుతుంది కాబట్టి తగ్గించమంటాం. అన్నిటికంటే ముఖ్యం, ఒకేసారి కడుపు నిండా కాకుండా ఐదారు సార్లు కొంచెం కొంచెం తినడం. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకూడదు, మంచం తలవైపు కాళ్ల కింద 15 సెం.మీ. ఎత్తు పెట్టుకోవాలి.

పాంటాప్రజోల్ 40 మి.గ్రా. లాంటి యాసిడ్ తగ్గించే బిళ్ల పొద్దున తినడానికి అరగంట ముందు వేయాలి. తిన్నాక గుర్తొచ్చి వేస్తే సగం ఫలితం పోతుంది. రంజాన్ ఉపవాసాలున్నవాళ్లు ఇఫ్తార్‌లో ఒక ఖర్జూరం, నీళ్లతో బిళ్ల వేసుకుని, అరగంట ఆగి భోంచేయవచ్చు. చాలామందికి కొన్ని వారాలు చాలు. అల్సరో, హెర్నియానో ఉందని రాసుంటే ఎన్నాళ్లన్నది డాక్టర్ చెబుతారు. ఏళ్లకేళ్లు వాడుకుంటూ పోవాల్సిన మందు కాదిది. డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు పూర్తిగా ఆపాలి. నడుము నొప్పికి మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేవి ఇవే, గమనించండి. పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఎవరికైనా గుండెలో స్టెంట్ ఉండి ఆస్పిరిన్ వాడుతుంటే నెత్తురు పడిందని సొంతంగా మానేయకూడదు. గుండె డాక్టర్, గ్యాస్ట్రో డాక్టర్ మాట్లాడుకుని సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే మళ్లీ మొదలుపెడతారు. స్టెంట్ మూసుకుపోవడం ఈ చీలికకంటే ఎన్నో రెట్లు ప్రమాదం.

నెత్తురు పోయినందుకు ఐరన్ బిళ్లలు ఇచ్చి ఉంటారు. వాటితో మలం నల్లబడుతుంది, ఇంట్లో అందరూ మళ్లీ నెత్తురు పోతోందని హడలిపోతారు. ఐరన్ వల్ల వచ్చే నలుపులో కొంచెం పచ్చదనం ఉంటుంది, మలం గట్టిగానే వస్తుంది. లోపల నెత్తురు కారుతుంటే మలం పలచగా, జిగటగా, నిగనిగలాడే నలుపుతో, ఫ్లష్ చేసినా అంటుకుని, గది దాటి వచ్చేంత కంపు కొడుతుంది. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. ఐరన్‌తో మలబద్ధకం వచ్చి ముక్కితే పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి రాత్రి ఇసబ్‌గోల్ తీసుకోవడం మంచిది. దాన్ని నిండు గ్లాసు నీళ్లతోనే తాగాలి, పొడిగా మింగితే గొంతులోనే ఉబ్బి ఇరుక్కుంటుంది.

కూర్చుని చేసే ఉద్యోగమైతే నెత్తురు ఆగి, హిమోగ్లోబిన్ నిలకడగా ఉంటే మూడు నాలుగు రోజుల్లో వెళ్లవచ్చు. జిమ్‌లో ఊపిరి బిగబట్టి బరువులెత్తడం, గ్యాస్ సిలిండర్ మోయడం రెండు వారాలు వద్దు. మళ్లీ ఎండోస్కోపీ మామూలుగా అవసరం ఉండదు.

ఇక మీరు అడగనిది ఒకటుంది, అడగాల్సింది. బావగారు అప్పుడప్పుడు తాగుతారా, రోజూ తాగుతారా? రోజూ అయితే, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పకుండా దాచడం వల్ల జరిగే నష్టం చీలిక వల్ల జరిగేదానికంటే ఎక్కువ. రోజూ తాగే మనిషికి మందు ఆగిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మానుతున్న చీలిక ఆ వాంతులతోనే మళ్లీ తెరుచుకుంటుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో మతి తప్పడం కూడా రావచ్చు. కల్లు అలవాటున్నవాళ్లు మేం మందు తాగం అని నిజాయితీగానే చెబుతారు, కాబట్టి కల్లు అని విడిగా చెప్పాలి. కల్తీ కల్లులో కలిపే నిద్రమందులు ఒక్కసారిగా ఆగినా ఇలాగే అవుతుంది. ముందే తెలిస్తే థయమిన్ (విటమిన్ బి1), వణుకు ఆపే మందులు మొదటి రోజు నుంచే ఇస్తారు. గ్లూకోజ్ సెలైన్ కంటే ముందు థయమిన్ పడాలి. బాగా తాగేవాళ్లలో ఇంకో సంగతి. లివర్ దెబ్బతిని ఉంటే నెత్తురు చీలిక నుంచి కాక, ఉబ్బిన రక్తనాళాల నుంచి వస్తూ ఉండవచ్చు. కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు, ప్లేట్‌లెట్లు తగ్గడం చూసి అనుమానం వస్తే ఎండోస్కోపీకి ముందే ఆ నాళాల్లో ఒత్తిడి తగ్గించే టెర్లిప్రెసిన్, యాంటీబయాటిక్ మొదలుపెడతారు. మామూలు చీలికకు ఇవి అవసరం లేదు.

ఆసుపత్రిలో మొదటి గంటలో ఏం జరగాలో కూడా చెబుతాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. రెండు చేతులకు లావు సూదులు పెట్టాలి. రక్తం గ్రూపు, క్రాస్ మ్యాచింగ్‌కు పంపాలి. పల్స్, బీపీ పడుకోబెట్టి చూసి, కూర్చోబెట్టి మళ్లీ చూడాలి. మొదటి హిమోగ్లోబిన్ రిపోర్టు నమ్మకూడదు. నెత్తురు పోయినా కొన్ని గంటల వరకు అంకె తగ్గదు, సెలైన్ ఎక్కి రక్తం పలచబడ్డాకే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే 6 నుంచి 8 గంటలకోసారి మళ్లీ చూస్తారు. రక్తం ఎక్కించడం సాధారణంగా హిమోగ్లోబిన్ 7 గ్రాముల కిందికి వస్తేనే, గుండె జబ్బు ఉంటే 8 దగ్గర. ఎండోస్కోపీ 24 గంటల్లోపు. దానికి అరగంట నుంచి రెండు గంటల ముందు ఎరిత్రోమైసిన్ 250 మి.గ్రా. ఇస్తే జీర్ణాశయంలోని గడ్డలు కిందికి కదిలి స్పష్టంగా కనిపిస్తుంది. చిన్న నర్సింగ్ హోముల్లో నెత్తురు ఆపడానికి అలవాటుగా ఇచ్చే ట్రానెక్సామిక్ ఇంజెక్షన్ వల్ల ఇక్కడ ఉపయోగం లేదు. 2020లో పన్నెండు వేల మందితో జరిగిన పరీక్షలో మరణాలు తగ్గలేదు సరికదా, కాళ్లలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు పెరిగాయి. దాని కోసం టైం పోగొట్టుకోకుండా ఎండోస్కోపీ ఉన్నచోటికి పంపడమే మేలు.

ఇప్పుడు రెండో రకం. గోడ మొత్తం చిరిగినప్పుడు నెత్తురు అంతగా కనిపించదు, నొప్పి కనిపిస్తుంది. గట్టిగా వాంతి అయిన వెంటనే ఛాతీ కింది భాగంలోనో, పొట్ట పైనో కత్తితో కోసినట్టు నొప్పి. వీపులోకి, ఎడమ భుజంలోకి పాకుతుంది, ఊపిరి తీస్తే పెరుగుతుంది. గుటక వేసినా నొప్పే. చెమటలు, ఆయాసం. కొన్ని గంటలకు మెడ కింద కాలర్ ఎముకల పైన చర్మాన్ని వేళ్లతో నొక్కితే కింద అటుకులు నలుగుతున్నట్టు కరకరమంటుంది. అది గాలి. అన్నవాహికలోంచి తప్పించుకుని చర్మం కిందికి పాకిన గాలి. గొంతు కూడా ముక్కుతో మాట్లాడుతున్నట్టు మారుతుంది. ఈ గుర్తులన్నీ కలిసి ఉండాలని లేదు. కరకర లేనంత మాత్రాన చిల్లు లేదనుకోకూడదు.

దీన్ని గుండెపోటు అనుకోవడం చాలా మామూలు. గుండెపోటు అనుకుని రక్తాన్ని పలచబరిచే ఇంజెక్షన్లు ఇచ్చేస్తే ఆపరేషన్ కష్టమవుతుంది, నెత్తురు పెరుగుతుంది. క్యాజువాలిటీలో డాక్టర్‌కు వరస స్పష్టంగా చెప్పండి: ముందు వాంతి, ఆ వెంటనే నొప్పి. గుండెపోటులో తరచుగా నొప్పి ముందు, వాంతి తర్వాత. ఈ ఒక్క ముక్క రోగ నిర్ధారణను సరైన దారిలో పెడుతుంది.

ఎందుకంత ప్రమాదమంటే, ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీ లోపల ఒత్తిడి తగ్గి, చిల్లులోంచి ఉమ్మి, యాసిడ్, తిండి గుండె చుట్టూ ఉండే ఖాళీలోకి లాగబడతాయి. మనిషికి రోజుకు లీటరు పైచిలుకు ఉమ్మి ఊరుతుంది. ఏమీ తినకపోయినా, తాగకపోయినా చీము పట్టడానికి అది చాలు. 24 గంటలు దాటితే బతికే అవకాశాలు బాగా పడిపోతాయి. దీన్ని 1724లో డచ్చి వైద్యుడు బూర్హావే మొదటిసారి రాశాడు. విందు తర్వాత కడుపు బరువు దిగడానికి వాంతి మందు తాగిన ఒక నౌకాదళాధిపతి కేసది. ఆపరేషన్‌తో మనిషిని బతికించడం 1940ల్లో గానీ సాధ్యం కాలేదు. తాగింది దిగాలని ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేళ్లు పెట్టి కక్కించడం మన దగ్గర ఇప్పటికీ ఉంది. అది పూర్తిగా మానాలి.

వాంతి తర్వాత ఇలాంటి నొప్పి వస్తే నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు. గ్యాస్ అనుకుని ఈనో, సోడా ఇస్తే అందులోంచి పుట్టే గాలి, ద్రవం నేరుగా ఛాతీలోకే పోతాయి. పడుకోబెట్టకుండా తల, ఛాతీ ఎత్తుగా ఉంచి తీసుకెళ్లండి.

మొదటి ఎక్స్‌రే మామూలుగా రావచ్చు, గాలి, నీరు కనిపించడానికి టైం పడుతుంది. అనుమానం ఉంటే నీటిలో కరిగే అయోడిన్ మందు కొంచెం తాగించి సీటీ తీస్తారు. బేరియం ముందుగా ఇవ్వరు, బయటికి కారితే ఛాతీలో అతుక్కుపోయి మంట పుట్టిస్తుంది. నీరు చేరి ఉంటే సూదితో తీసి పరీక్షిస్తారు, అందులో ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ ఎక్కువుందంటే ఉమ్మి చేరిందని లెక్క. ఈలోపే గట్టి యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మందు, సెలైన్లు మొదలైపోవాలి, రిపోర్టు కోసం ఆగకూడదు. ముక్కులోంచి జీర్ణాశయంలోకి వేసే రైల్స్ ట్యూబ్‌ను గుడ్డిగా తోయకూడదు, అది చిల్లులోంచే బయటికి పోవచ్చు. ఎండోస్కోపీలో చూస్తూ వేయాలి. ఎండోస్కోపీ చేసేటప్పుడు మామూలు గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడాలి, అది త్వరగా ఇంకిపోతుంది.

తర్వాత ఏం చేస్తారన్నది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: చిల్లు ఎంత పెద్దది, ఎన్ని గంటలైంది, ఛాతీలోకి ఎంత మురికి చేరింది. ఎండోస్కోపీ చేస్తుండగానో, సన్నబడ్డ అన్నవాహికను బెలూన్‌తో వెడల్పు చేస్తుండగానో పడిన చిల్లును బల్ల మీదే కనిపెడితే అది సుళువైన కేసు. కడుపు ఖాళీగా ఉంటుంది, మురికి చేరదు. సెంటీమీటరు లోపు అయితే మామూలు క్లిప్పులు, ఒకటి రెండు సెంటీమీటర్లయితే స్కోపు కొసన టోపీలా అమర్చి వదిలే పెద్ద క్లిప్పు. బాత్రూం యాసిడ్ తాగి అన్నవాహిక సన్నబడి, రెండు వారాలకోసారి వెడల్పు చేయించుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. ప్రొసీజర్ అయ్యాక ఛాతీ నొప్పి తగ్గకపోయినా, గుండె వేగం తగ్గకపోయినా అలా ఉండటం మామూలే అనుకుని ఇంటికి వెళ్లొద్దు. సీటీ తీసి చూడమని అడగండి.

చిల్లు అంతకంటే పెద్దదైతే, లేదా అంచులు మెత్తబడి క్లిప్ పట్టకపోతే, పూర్తిగా తొడుగున్న లోహపు స్టెంట్ వేసి చిల్లును లోపలి నుంచి కప్పేస్తారు. స్టెంట్ ఒక్కటే చాలదు, ఇది కుటుంబాలకు సరిగా చెప్పని విషయం. అప్పటికే ఛాతీలోకి చేరిన మురికిని ట్యూబ్‌తో బయటికి తీయకపోతే పైన మూసి లోపల చీమును బంధించినట్టే. స్టెంట్‌తో తరచూ వచ్చే ఇబ్బంది అది జారిపోవడం. జ్వరం మళ్లీ వచ్చినా, ట్యూబ్‌లో ఉమ్మి, తిండి కనిపించినా ముందు స్టెంట్ చోటులోనే ఉందా అని ఎక్స్‌రే తీయాలి. నాలుగు వారాల అటూఇటూగా తీసేయాలి. డిశ్చార్జ్ అయ్యి ఊరికి వెళ్లి మళ్లీ రాకపోతే కణజాలం కొసల్లో పెరిగి పట్టేస్తుంది, అప్పుడు తీయడమే పెద్ద పని. తీసే తేదీ కాగితం మీద రాయించుకోండి.

ఇంకో పద్ధతి వ్యాక్యూమ్ స్పాంజి. ముక్కులోంచి వచ్చే గొట్టం కొసకు స్పాంజి కట్టి, చిల్లులోనో దాని ఎదురుగానో పెట్టి, పాదరసం కొలతలో 125 మి.మీ. వరకు పీల్చే ఒత్తిడితో నిరంతరం లాగుతారు. మురికిని పీల్చేస్తూనే కొత్త కణజాలాన్ని పెంచుతుంది. ప్రతి మూడు నుంచి ఐదు రోజులకు మత్తిచ్చి స్పాంజి మార్చాలి, కొన్ని వారాలు పడుతుంది. ఇది చేసే చోట్లు తక్కువ, ఓపిక కావాలి. అయినా పాడైపోయిన కేసుల్లో దీని ఫలితం బాగుంటుంది.

వాంతి వల్ల పడిన పెద్ద చిల్లు, ఛాతీలో తిండి చేరిన మనిషి, బీపీ పడిపోతున్న మనిషి అయితే ఆపరేషనే దారి. అన్నవాహిక కింది భాగంలో ఎడమ పక్కకు, వెనక్కి చిరగడం మామూలు కాబట్టి ఎడమ ఛాతీ తెరుస్తారు. లోపలి పొర చిరుగు కండరం చిరుగుకంటే పొడవుగా ఉంటుంది. కండరాన్ని ఇంకొంచెం కోసి చిరుగు రెండు కొసలూ చూశాకే కుట్టాలి. అలా చూడకుండా కుట్టినవే తర్వాత లీక్ అయ్యేవాటిలో ఎక్కువ. రెండు పొరలుగా కుట్టి, పక్కటెముకల మధ్య కండరంతోనో, ఛాతీ పొరతోనో పైన దన్ను పెడతారు. బాగా కడిగి, మురికి బయటికి పోయే గొట్టాలు (డ్రైన్లు) పెడతారు, పేగులోకి తిండి గొట్టం అదే ఆపరేషన్‌లో పెడతారు. చిల్లు మెడ భాగంలో ఉంటే మెడ పక్క తెరిచి డ్రైన్ పెట్టడంతోనే చాలావరకు మానుతుంది. చిల్లు చిన్నదై, కారింది అక్కడే ఆగి, తిరిగి లోపలికే వస్తూ, జ్వరం, ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్ (సెప్సిస్) లేకపోతే మందులతోనే చూడవచ్చు. ఆ నిర్ణయం తీసుకున్నాక గంట గంటకూ గమనించాలి, తేడా వస్తే వెంటనే మార్చుకోవాలి.

ఐదు నుంచి ఏడు రోజులకు మళ్లీ ఆ అయోడిన్ మందు తాగించి స్కాన్ తీసి, కారడం లేదంటే నీళ్లు మొదలుపెడతారు. అప్పటిదాకా తిండి పేగు గొట్టంలోంచే. చాలామందికి ఆ గొట్టంతోనే ఇంటికి వెళ్లాల్సి వస్తుంది. గంటకు 20 నుంచి 25 మి.లీ.తో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి, ఒక్కసారిగా గ్లాసుడు పోస్తే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. ప్రతిసారీ తర్వాత 30 మి.లీ. గోరువెచ్చని నీళ్లతో కడగాలి. బిళ్లలు నూరి వేయడం, రాగి జావ సరిగా వడగట్టకపోవడం, ఈ రెండిటి వల్లే గొట్టాలు మూసుకుపోతాయి. కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, ఒకటిన్నర గ్రాముల దాకా ప్రోటీన్ పడాలి. ఉత్త గంజితో ఇది రాదు, డైటీషియన్‌తో లెక్క వేయించుకోండి.

బొక్క (ఎముక) ఇరుక్కుని అన్నవాహిక చిరగడం గురించి కూడా ఒక మాట, బిర్యానీ, చేప తినే ఊరు కాబట్టి. గొంతులో బొక్కో ముల్లో దిగితే అన్నం ముద్ద మింగమనడం, అరటిపండు తినమనడం మన ఇళ్లలో మొదట చేసే పని. ఆ ముద్దే బొక్కను గోడలోకి గుచ్చుతుంది. ఏమీ తినకుండా వెళ్లండి. మొనదేలిన వస్తువు అన్నవాహికలో ఉంటే వీలైతే రెండు గంటల్లో, ఎట్లాగైనా ఆరు గంటల్లోపు తీయాలి. పిల్లలు గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే ఇంకా తొందర, రెండు గంటల్లోనే గోడ కాలిపోవడం మొదలవుతుంది. మింగి 12 గంటలు దాటని, ఏడాది దాటిన పిల్లలకు ఆసుపత్రికి వెళ్తూ దారిలో పది నిమిషాలకోసారి రెండు టీ చెంచాల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకుండా. తేనె కోసం మాత్రం ప్రయాణం ఆపొద్దు.

హైదరాబాద్‌లో ఎక్కడికి అంటే, పేరుకంటే సదుపాయం చూడండి. నెత్తురు వాంతి అయితే రాత్రిపూట కూడా ఎండోస్కోపీ చేసే మనిషి, రక్తనిధి ఉండాలి. వాంతి తర్వాత ఛాతీ నొప్పి అయితే వాటితోపాటు సీటీ, ఐసీయూ, ఛాతీ లేదా అన్నవాహిక ఆపరేషన్లు చేసే సర్జన్ ఒకే చోట ఉండాలి. ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లతోపాటు పెద్ద ప్రైవేటు గ్యాస్ట్రో ఆసుపత్రుల్లో ఈ విభాగాలున్నాయి. 108 వచ్చేలోపు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: ఇప్పుడు ఎండోస్కోపీ చేసే డాక్టర్ వస్తారా, ఐసీయూలో మంచం ఉందా. దగ్గరి నర్సింగ్ హోంలో పొద్దున చూద్దామన్నారంటే ఛాతీ నొప్పి ఉన్న మనిషిని అక్కడ ఉంచొద్దు. 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది. అయితే ఫలానా ప్రొసీజర్, ఫలానా ఆసుపత్రి అందులో ఉన్నాయా అన్నది ఆరోగ్యమిత్ర డెస్క్‌లో అడిగి తెలుసుకోవాలి. స్టెంట్, పెద్ద క్లిప్పు ఖర్చు విడిగా పడుతుందా అన్నది కూడా అక్కడే అడగండి.